రిపోర్టు బుక్కులో మడత

ఉద్యోగంలో చివరి ఏళ్లు ఏం పని చేశావని ఎవరైనా అడిగితే, నర్సుల చేత తిట్లు తిన్నానని చెబుతాను. నవ్వుతారు. నవ్వించడానికి చెప్పే మాట కాదది. మా ట్రస్టుకు జనగామలో, మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో మూడు చిన్న ఆస్పత్రులు ఉండేవి. కేస్ షీట్లు, మందుల చార్టులు, రిపోర్టు బుక్కులు అన్నీ తీసేసి కంప్యూటర్‌లోకి ఎక్కించాలని పెద్దవాళ్లు నిర్ణయించారు. దాన్ని నర్సులకు నేర్పి, ఒప్పించి, అలవాటు చేసే పని ఎవరికి అప్పగించాలా అని చూసి, జనగామ వార్డులో ఇన్‌చార్జి సిస్టర్‌గా ఉన్న నా మెడకు చుట్టారు. నాకు కంప్యూటర్ వచ్చని కాదు. నాకు నోరుందని.

ఇప్పుడు ఇదే పనిలోకి పిల్లలు చాలామంది వస్తున్నారు. ఈ మధ్య ఒకమ్మాయి మా ఇంటికి వచ్చి, అనుభవం చెప్పండి మేడం, నోట్సు రాసుకుంటాను అంది. రెండు గంటలు చెప్పాను. లాగిన్లు, ట్రైనింగులు, కరెంటు కోతలు, అన్నీ చెప్పాను. ఆ అమ్మాయి వెళ్లాక చూసుకుంటే సుగుణక్క పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. నా వల్ల ఉద్యోగం వదిలి వెళ్లిపోయిన మనిషి పేరు ఎత్తకుండా నా ఉద్యోగం గురించి రెండు గంటలు మాట్లాడగలిగానంటే, నన్ను నేను ఎంత బాగా దాచుకున్నానో అర్థమైంది. అందుకే ఇది రాస్తున్నాను. కాగితం మీదే రాస్తున్నాను.

నీలం సిరా, ఎర్ర సిరా

ముందు రిపోర్టు బుక్కు గురించి చెప్పాలి. మీలో చాలామంది దాన్ని చూసి ఉండరు. గట్టి అట్టతో పొడవాటి రిజిస్టరు. పేషెంటుకొక పేజీ. పగలు డ్యూటీ చేసినవాళ్లు నీలం సిరాతో రాయాలి, రాత్రివాళ్లు ఎర్ర సిరాతో రాయాలి. డ్యూటీ మారే వేళకు దిగిపోయే నర్సూ ఎక్కే నర్సూ ఇద్దరూ ఆ బుక్కు పట్టుకుని మంచం మంచం దగ్గరా ఆగుతూ రిపోర్టు చెప్పుకునేవాళ్లు. ఏ పేషెంటుకు ఏం ఇచ్చాం, ఏం ఇవ్వాలి, ఎవరు తిన్నారు, ఎవరు తినలేదు, ఎవరి మొగుడు తాగొచ్చి గొడవ చేశాడు, అన్నీ అందులోనే.

నేను కొడకండ్ల నుంచి కొత్తగా వచ్చి చేరినప్పుడు నాకు ఆ బుక్కు రాయడం నేర్పింది సుగుణక్క. ఆమెది జఫర్‌గఢ్. నాకంటే నాలుగేళ్లు సీనియర్. లావుపాటి మనిషి, సన్నటి గొంతు. నా టిఫిన్ డబ్బా మూత నాకంటే ముందు ఆమే తీసేది. నరం దొరకని పసిపిల్లలు వస్తే డాక్టర్లు కూడా ఆమె కోసం మనిషిని పంపేవాళ్లు. మొదటి వారం నేను చార్టులో తలదూర్చి కూర్చుంటే వెనక నుంచి వచ్చి నెత్తి మీద ఒకటి మొట్టింది.

"పేషెంటును జూడు పిల్లా. పేపరేడికి పోదు."

మడత కూడా ఆమె అలవాటే. ఒక్కోసారి పేషెంటు బాగానే ఉంటాడు. బీపీ సరిగ్గా ఉంటుంది, జ్వరం ఉండదు, డాక్టర్ చూసి వెళ్లి ఉంటాడు. అయినా మన మనసుకు ఎక్కడో తేడా కొడుతుంది. ఏమిటో చెప్పలేం. అలాంటప్పుడు సుగుణక్క ఆ పేషెంటు పేజీ పైమూలను చిటికెన వేలి గోరంత మడిచేది. తర్వాత డ్యూటీకి వచ్చే నర్సు బుక్కు చేతికి రాగానే మడతలు చూసుకుని ముందు ఆ మంచాల దగ్గరికే పోవాలి. పేషెంటు దగ్గర కాసేపు నిలబడి, మాట్లాడి, అప్పుడే మడత విప్పాలి. ఈ నియమం ఎక్కడా రాసి లేదు. కానీ మా వార్డులో మంచం దగ్గరికి పోకుండా మడత విప్పిన మనిషిని నేను చూడలేదు. "ఆ తాతకు మడత ఉన్నది, జర చూస్కో" అంటే చాలు, ఎక్కే నర్సు చేతి సంచి కూడా దించకుండా అటు నడిచేది.

మహబూబాబాద్: ఒంటిచేత్తో రమాదేవి

కంప్యూటర్లు ముందు మహబూబాబాద్‌లో పెట్టాం. పది రోజులు ట్రైనింగు ఇచ్చి, అందరికీ ఎవరి లాగిన్ వాళ్లకు ఇచ్చి, గర్వంగా తిరిగొచ్చాను. నెల తర్వాత రికార్డులు తీసి చూస్తే, ఆ నెలంతా ఆస్పత్రిలో ఇంజెక్షన్లన్నీ రమాదేవి అనే ఒక్క నర్సు ఇచ్చింది. మగవాళ్ల వార్డులో, ఆడవాళ్ల వార్డులో ఒకే నిమిషంలో ఇచ్చింది. పగలూ ఇచ్చింది, రాత్రీ ఇచ్చింది. చెల్లెలి పెళ్లికని సెలవు పెట్టి డోర్నకల్ వెళ్లిన నాలుగు రోజులూ కూడా మానకుండా ఇచ్చింది.

నేను మండిపడుతూ వెళ్లాను. అక్కడి హెడ్ నర్సు కమలమ్మ నాకు చాయ్ తెప్పించి, నేను అరవడం అయ్యేదాకా ఊరుకుంది.

"రమాదేవి పాస్‌వర్డు గోడ మీద రాసున్నది మేడం. అందరం గదే కొడుతున్నం," అంది.

"మీకెవరిది వాళ్లకు ఇచ్చాను కదా?"

"ఇచ్చిన్రు. కొడితె మా పేరు వడ్తది గద."

"పడితే ఏమైంది?"

కమలమ్మ గ్లాసు కింద పెట్టింది. "బుగులు మేడం. బుక్కుల రాసినప్పుడు తప్పు వడితే పక్కపొంటి ఇంకొకలం సర్ది రాసెటోళ్లం. డాక్టర్ సాబు అరిస్తే అరిచెటోడు, ఆడికి అయిపోతుండె. గిండ్ల పేరు వడ్డదంటె నిమిషంతోని సహా వడ్తది. రేపేదన్న అయితె మమ్ముల పట్టియ్యనీకె గాదా గిది?"

మిషన్ అంటే భయం అని నేను అనుకుంటూ వచ్చాను. ఆ రోజు తెలిసింది, నర్సులకు మిషన్ అంటే భయం లేదు. ఇంట్లో సెల్‌ఫోన్లు వాళ్లే నడుపుతారు. దొరికిపోతామని భయం. పెద్దవాళ్ల తప్పు కూడా చివరికి తమ పేరు మీద తేలుతుందని భయం. అందులో తప్పేం లేదు, ఆస్పత్రిలో ఎప్పుడూ జరిగేది అదే. నేను వాళ్లందరినీ కూర్చోబెట్టి మాట ఇచ్చాను. ఈ రికార్డు మిమ్మల్ని పట్టించడానికి కాదు, కాపాడడానికి, నేనున్నాను అన్నాను. కమలమ్మ నా ముఖం చూసి, ఏమనుకుందో, సరే అంది. గోడ మీది పాస్‌వర్డు తనే గీకేసింది. ఆ మాట ఇచ్చినప్పుడు నేను నిజంగానే ఇచ్చాను. అది మాత్రం నమ్మండి.

భూపాలపల్లి: గోడకు చెప్పే నర్సులు

భూపాలపల్లిలో అన్నీ చిన్నవయసు పిల్లలే. మూడు రోజుల్లో నేర్చేసుకుని నాకే కొత్త దారులు చూపించారు. నేను పొంగిపోయాను. పై ఆఫీసుకు ఫోన్ చేసి ఇక్కడ సమస్యే లేదని చెప్పాను.

మరునాడు వార్డులో నిలబడి ఉంటే, బొగ్గు బాయిలో చేసి రిటైరైన ఒక పెద్దమనిషి మంచం మీద లేచి కూర్చుని నన్ను పిలిచాడు. ఉబ్బసం, మాటకు మాటకు ఆగుతున్నాడు.

"బిడ్డా, బాయిల చీకట్లగూడ మేం మనిషి మొఖం మీద లైటేసి మాట్లాడుకునేటోళ్లం. మీ పోరగాండ్లేంది, గోడకు జెప్తున్రు?"

తిరిగి చూశాను. కంప్యూటర్ టేబుళ్లన్నీ వైర్లు అందేటట్టు గోడకు ఆనించి పెట్టారు. నర్సులందరూ పేషెంట్లకు వీపు పెట్టి, దగ్గు ఉందా, నొప్పి ఉందా అని స్క్రీన్‌ను అడుగుతున్నారు. నేనే దగ్గరుండి పెట్టించిన టేబుళ్లు. వాటిని తిప్పించడానికి ఆఫీసుతో మూడు వారాలు పోట్లాడాల్సి వచ్చింది. వైర్లు పాడవుతాయన్నారు, తొక్కి పడతారన్నారు. చివరికి ఎలక్ట్రీషియన్‌ను బతిమాలి తిప్పించాను. ఈ పనిలోకి వచ్చేవాళ్లు ముందు టేబుల్ ఎటు తిరిగి ఉందో చూడండి. సాఫ్ట్‌వేర్ తర్వాత చూడొచ్చు.

పేకాట

జనగామను ఆఖరికి పెట్టుకున్నాను. బయటికి చెప్పిన కారణం పెద్ద ఆస్పత్రి అని. అసలు కారణం సుగుణక్క.

ఆమెకు మౌస్ లొంగలేదు. పుట్టి గంటైనా కాని పిల్లకు సూది గుచ్చగల చేయి, బాణం గుర్తును గడిలోకి తీసుకుపోలేకపోయింది. "గిది నా మాట ఇంటలేదు, రాజమణి" అని మౌస్‌ను టేబుల్‌కేసి కొట్టేది. ఉద్యోగం మానేస్తానంది. ఇంకా మూడేళ్లు సర్వీసు ఉంది. నువ్వు మానేస్తే నేనూ మానేస్తానని నేను బెదిరించాను. ఇద్దరం మానేయమని ఇద్దరికీ తెలుసు.

చెయ్యి కుదురుకోవడానికి కంప్యూటర్‌లో పేకాట నేర్పుదామని చూశాను. ఆమె బైబిల్ వదలని మనిషి. "పాస్టరుకు తెలిస్తే నన్ను గుడిల నిలవెడ్తడు" అని రెండు రోజులు ముట్టలేదు. మూడో రోజు మధ్యాహ్నం భోజనం వేళకు వెళ్లి చూస్తే, తలుపు దగ్గరగా వేసుకుని, నాలుక కరుచుకుని, ఇస్పేటు రాణిని లాక్కొస్తోంది. నెల తిరిగేసరికి వార్డులో అందరికంటే వేగంగా కంప్యూటర్‌లోకి వివరాలు ఎక్కించింది. ఆ నెల తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు నిండినట్టుంటుంది. డ్యూటీ అయ్యాక ఇద్దరం ఒకే కుర్చీ మీద సగం సగం కూర్చుని స్క్రీన్ చూసేవాళ్లం. మళ్లీ అలా ఒక్క మధ్యాహ్నం కూర్చోవాలని ఉంది. ఇంకేమీ వద్దు.

అన్నీ వచ్చాక ఒకరోజు అడిగింది. "అన్ని మంచిగున్నయ్ గని, మడత ఏడ వెట్టాలె?"

నేను వెతికాను. 'గమనిక' అని ఒక గడి ఉంది. అది నొక్కితే కారణం అడుగుతుంది. నొప్పి, జ్వరం, రక్తస్రావం, ఇలా ఒక జాబితా. ఏదో ఒకటి ఎంచుకోకపోతే ముందుకు పోనివ్వదు.

"కారణం తెలిస్తే మడతెందుకు? డాక్టర్‌కే చెప్తం గద," అంది సుగుణక్క.

"కారణం లేకుంటే పెట్టకక్కా," అన్నాను.

ఎంత తేలిగ్గా అన్నానో. వచ్చే సోమవారం నుంచి రిపోర్టు బుక్కులు ఉండవని ప్రకటించాను. మూడు ఊళ్లలోనూ గోడల మీద పెద్ద అక్షరాలతో చార్టులు అంటించాను. 'ఎక్కించనిది జరగనట్టే.' ఆ మాట నేనే కట్టాను. బాగుందని అందరూ మెచ్చుకున్నారు.

ఆ మధ్యాహ్నం

బుక్కులు తీసేసిన రెండో వారం. బచ్చన్నపేట నుంచి వచ్చిన లలిత అనే అమ్మాయికి పొద్దున తొలికాన్పు అయింది. మామూలు కాన్పు. తల్లీబిడ్డా క్షేమం. ఈ అమ్మాయి బతికిందని ముందే చెప్పేస్తున్నాను, చదివేవాళ్లు ఊపిరి బిగబట్టాల్సిన పని లేదు.

రెండు గంటలకు డ్యూటీ మారింది. సుగుణక్క దిగుతోంది, స్వప్న అని చేరి ఆరు నెలలైన అమ్మాయి ఎక్కుతోంది. కొత్త పద్ధతిలో రిపోర్టు ఎలా ఇస్తున్నారో చూడడానికి నేను పక్కనే నిలబడ్డాను. స్క్రీన్ మీద లలిత అంకెలన్నీ పచ్చగా ఉన్నాయి. పచ్చగా ఉంటే అంతా బాగున్నట్టు.

సుగుణక్క అంకెలు చదివి ఆగింది. "అన్ని సక్కగనే ఉన్నయ్. గని స్వప్నా, ఆ పిల్ల ఊకె అటిటు బొర్లుతాంది. పానం గుంజుతాందంటాంది. నాకెందుకో..."

నేను మధ్యలో అందుకున్నాను. "అక్కా, స్క్రీన్ మీద ఉన్నదే చెప్పు. నువ్వే ఇట్ల నోటి మాటలు చెప్తే, కొత్త పిల్లలు రేపు మళ్లా బుక్కు కావాలంటరు."

సుగుణక్క నా వంక చూసింది. అందరి ముందూ నేనామెను ఆపడం అదే మొదటిసారి. ఆమె కుడిచేయి దానంతట అదే పోయి, కంప్యూటర్ పైమూలను బొటనవేలూ చూపుడువేలూ కలిపి పట్టుకుంది. మడవడానికి. అక్కడ ప్లాస్టిక్ తప్ప ఏమీ లేదు. చేయి వెనక్కి తీసుకుంది. నేను నవ్వాను. స్వప్న కూడా నవ్వింది.

మూడు గంటలకు బస్టాండు నుంచి సుగుణక్క వార్డుకు ఫోన్ చేసి లలిత ఎట్లుందని అడిగిందట. స్వప్న స్క్రీన్ చూసి, అన్నీ నార్మల్ ఉన్నాయక్కా అని చెప్పింది. నాలుగు గంటలకు లలిత అత్త కేకలు పెట్టింది. బయటికి చుక్క కనపడకుండా లోపల రక్తం చేరుతోంది. బీపీ పడిపోయింది. పరుగుల మీద వరంగల్ తరలించారు. ఎంతమంది రక్తమో ఎక్కించి కాపాడారు. బిడ్డను ఎత్తుకోవడానికి ఆ తల్లికి నెల పట్టింది.

స్వప్నను తప్పుపట్టకండి. నేను నేర్పింది నేర్పినట్టు చేసింది.

నేను అన్న మూడు అక్షరాలు

లలిత ఇంటివాళ్లు అడిగారు. అడగాలి కూడా. సూపరింటెండెంట్ గారు విచారణ పెట్టారు. గదిలో ఆయన, సుగుణక్క, స్వప్న, నేను.

"నీకు అనుమానం ఉంటే ఎందుకు ఎక్కించలేదు?" అని ఆయన సుగుణక్కను అడిగారు.

"నోటితోని చెప్పిన సార్."

"ఎవరికి?"

స్వప్న ఏడుస్తోంది. గుర్తు లేదు సార్ అంది. ఇరవై రెండేళ్ల పిల్ల, భయంతో నిజంగానే గుర్తు లేకపోయి ఉండొచ్చు.

ఆయన గోడ మీద నా చార్టు వైపు చూశారు. "ఎక్కించనిది జరగనట్టే అని మీరే కదా రాయించింది, రాజమణి గారూ?"

ఆమె చెప్పింది సార్, నేను విన్నాను, నేనే ఆపాను. ఇంతే చెప్పాల్సింది. గొంతు దాకా వచ్చింది కూడా. అది చెబితే పనంతా ఆగిపోతుంది, మూడు ఆస్పత్రులూ మళ్లీ కాగితాలకు పోతాయి, ఇన్ని నెలల కష్టం మట్టిలో కలుస్తుంది అనుకున్నాను. చాలా ఏళ్లు నాకు నేను అలాగే చెప్పుకున్నాను. అది అబద్ధం. కమలమ్మ చెప్పిన బుగులే అది. తప్పు నా పేరు మీద పడుతుందని బుగులు.

"అవును సార్," అన్నాను. "అవును" అంటే మూడే అక్షరాలు.

బయట వరండాలో సుగుణక్క నన్ను దాటిపోతూ ఆగింది. కోపం లేదు ఆమె ముఖంలో. అది ఉన్నా బాగుండేది.

"నువ్వు ఇన్నవు గదా, రాజమణి," అంది.

సుగుణక్కకు మెమో ఇచ్చారు. మూడో రోజు ఆమె రాజీనామా రాసిచ్చి జఫర్‌గఢ్ వెళ్లిపోయింది. నెల తర్వాత నేను సూపరింటెండెంట్ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. ఉత్తరం కూడా రాసిచ్చాను. ఆయన చదివి, "ఇప్పుడెందుకమ్మా, ఆమె వెళ్లిపోయింది కదా" అని ఫైల్లో పెట్టారు. ఆయన్ని అనడానికి నాకు నోరెక్కడిది.

ఇంకొకటి కూడా చెప్పాలి. పాత బుక్కుల్లో సుగుణక్క రాత చూడాలనిపించి రికార్డు గదికి వెళ్లాను. గది ఖాళీగా ఉంది. పాత బుక్కులన్నీ తీసేయవచ్చని సంతకం పెట్టింది నేనే. ఇన్నేళ్ల నీలం సిరా, ఎర్ర సిరా, వందల మడతలు, తుక్కులోకి పోయాయి. వంకర అక్షరాలతో ఆమె రాసిన ఒక్క పేజీ దొరికినా చాలనుకుని చాలాసేపు ఆ గదిలో తిరిగాను.

కారణం అడగని గడి

మూడు ఊళ్లకూ వెళ్లి నా చార్టులు నేనే చించేశాను. తర్వాత హైదరాబాద్ వెళ్లి సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీలో కూర్చున్నాను. మా పని చూసే ఇంజనీరు ఒక అమ్మాయి. పేషెంటు పేరు పక్కన ఒక గుర్తు కావాలి, దానికి కారణం అడగకూడదు అన్నాను.

"కారణం లేకుండా గుర్తు పెట్టనిస్తే డేటాకు అర్థం ఉండదు మేడం," అంది. తెలివైన పిల్ల. ఆమె చెప్పింది ఆమె చదువులో సరైనదే.

నాలుగుసార్లు వెళ్లాను. నాలుగోసారి ఇంక వాదించే ఓపిక లేక, జరిగిందంతా చెప్పేశాను. ప్లాస్టిక్ మూల పట్టుకున్న చేయి, నా నవ్వు, విచారణ గదిలో నా మాట, అన్నీ. బయటి మనిషికి చెప్పడం అదే మొదటిసారి. ఆ అమ్మాయి ఒక కాగితం తీసుకుని మూల మడిచి, "ఇంతేనా మేడం, ఇట్లానా?" అని అడిగింది.

రెండు వారాల్లో చేసి ఇచ్చింది. అప్పటికి నర్సుల చేతికి ట్యాబ్‌లు వచ్చాయి; వాటిలో పేషెంటు పేజీ పైమూలను వేలితో తాకితే అది మడుచుకుంటుంది. కారణం అడగదు. తర్వాతి నర్సు ట్యాబ్ పట్టుకుని మంచం దగ్గరికి వెళ్లి, మంచానికి అంటించిన కోడ్‌ను స్కాన్ చేస్తేనే విచ్చుకుంటుంది. కుర్చీలో కూర్చుని విప్పడం కుదరదు. ముందు భూపాలపల్లిలో పెట్టాం, తర్వాత మిగతా రెండు చోట్ల. వాళ్లను ఒప్పించడానికి నేనేమీ చేయాల్సి రాలేదు. నర్సులు నన్ను తిట్టకుండా తీసుకున్నది నా సర్వీసులో అదొక్కటే.

అది చెప్పడానికి జఫర్‌గఢ్ వెళ్లాను. సుగుణక్క ఇంటి ముందు ఇద్దరు ముసలివాళ్లు బీపీ చూపించుకోవడానికి కూర్చుని ఉన్నారు. వాళ్లను చూసి పంపి, నాకు చాయ్ పెట్టింది. ఫోన్లో బొమ్మ చూపించాను.

"కారణం అడగదా?"

"అడగదక్కా."

"మరి ఇప్పేటప్పుడు?"

"మంచం కాడికి పోవాల్సిందే."

చాలాసేపు చూసింది. "మంచిగ చేసినవ్," అంది. తర్వాత ఫోన్ నా చేతికిచ్చింది. "గా దినం గూడ ఒక్క మాట జెప్తే అయిపోతుండె గద."

క్షమించమని అడగడానికే వెళ్లాను. బస్సు టైమైంది అని చెప్పి లేచాను. ఇదివరకు ఎప్పుడు వెళ్లినా బస్సు దాకా వచ్చేది. ఆ రోజు గుమ్మం దాకా వచ్చి ఆగింది.

పదకొండో నంబరు మంచం

ఆ తర్వాత నేనూ రిటైరయ్యాను. కిందటి చలికాలంలో నాకు పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ అయింది. జనగామలో, మా ఆస్పత్రిలోనే. నేను పనిచేసిన వార్డులోనే పదకొండో నంబరు మంచం ఇచ్చారు. మర్నాడు నేను బాగానే ఉన్నాను. అంకెలు నేనే అడిగి తెలుసుకుంటున్నాను. నర్సులకు రెండుమూడు సలహాలు కూడా ఇచ్చాను.

రెండు గంటలకు డ్యూటీ మారింది. ఇద్దరమ్మాయిలు ట్యాబ్ పట్టుకుని నా మంచం కాళ్ల దగ్గర నిలబడ్డారు. దిగిపోయే అమ్మాయి అంకెలన్నీ చెప్పి, గొంతు తగ్గించింది. నా చెవులు బాగానే పనిచేస్తాయని ఆమెకు తెలియదు.

"గీ మేడంకు మడత పెట్టిన. జర ఈమెనే ముందుగాల చూడు."

"ఎందుకే? అన్ని నార్మలే ఉన్నయ్ గద."

"ఏమో, తెల్వది. పొద్దుగాల సంది మాట్లాడుతనే ఉన్నది గని, మొఖంల కళ లేదు."

నేను ఆ అమ్మాయిని పిలిచాను. "మడత అంటే ఏంది బిడ్డా?"

"ఏం లేదు మేడం. జర ఎక్కువ చూస్కుంటం అంతే."

"ఆ పేరు ఎవలు పెట్టిన్రు?"

ఆ అమ్మాయి ఆలోచించింది. "ఎవలు పెట్టలే మేడం. కంప్యూటర్ల అట్లనే వచ్చింది."

జీవితమంతా మడతను నేను బుక్కు పైనుంచి చూశాను. ఆ పేజీలో ఉన్న మనిషికి ఎలా ఉంటుందో ఎప్పుడూ తెలియలేదు. ముందు భయమేసింది. తర్వాత, నన్ను ఎవరో చూశారనిపించింది. నా అంకెలను కాదు, నన్ను. ఆ అమ్మాయి అనుమానం నిజమేనని సాయంత్రానికి తేలింది, లోపల చీము పడుతోందని పట్టుకున్నారు. కానీ నేను చెప్పేది అంతకుముందు సంగతి. దుప్పటి కప్పుకుని కాసేపు ఏడ్చాను. తర్వాత దిండు కింద నుంచి ఫోన్ తీశాను. జఫర్‌గఢ్ వెళ్లివచ్చాక ఆ నంబరుకు నేను ఒక్కసారి కూడా చేయలేదు.

"అక్కా, నేను రాజమణిని. జనగామ దవాఖానల ఉన్న. ఆపరేషన్ అయింది. నాకు మడత పెట్టిన్రక్కా."

అవతల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"ఎవలు పెట్టిన్రు?"

"కొత్త పిల్ల. నాకు తెల్వది."

"ఎందుకట?"

"ఎందుకో ఆమెకే తెల్వదట."

అప్పుడు అనేశాను. "అక్కా, నేను ఇన్న. గా దినం నువ్వు స్వప్నకు చెప్పంగ నేను ఇన్న. నేనే ఆపిన. సార్ అడిగితే చెప్పలే. నన్ను..."

"పానమెట్లున్నది నీకు?" అని అడ్డం వచ్చింది. అదే సన్నటి గొంతు.

"మంచిగనే ఉన్నక్కా. బీపీ, పల్సు అన్ని..."

"బీపీ సంగతి నేనడగలే. ఫోన్ పెట్టి సక్కగ పండుకో. గా పిల్ల ఏం జెప్తే గది జెయ్యి." పెట్టేసే ముందు మళ్లీ అంది. "గీసారన్న ఇను, రాజమణి."

"ఇంటనక్కా," అన్నాను.